ఫుటీ షోలు: మెల్‌బోర్న్‌లో మన పిల్లలు టీవీకి అతుక్కుపోయే ఆ కోలబంతి ఆట ఏంటి? ఆట కంటే కబుర్లే ఎక్కువైన కథ ఇదీ..

సెప్టెంబర్ చివరి శనివారం. ఉదయం పది గంటలు. రాజమహేంద్రవరం దానవాయిపేటలో ఓ ఇంట్లో ఇంకా టిఫిన్ల హడావుడి అవ్వలేదు. వాట్సాప్ వీడియో కాల్‌లో మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు కనిపిస్తాడు గానీ అమ్మ వైపు చూడడు. కళ్లన్నీ ఎదురుగా ఉన్న టీవీ మీదే. వెనక ఒకటే గోల.

"ఏంట్రా నాన్నా అది, క్రికెట్టా?"

"కాదమ్మా, ఫుటీ. గ్రాండ్ ఫైనల్. ఒక్క అరగంట ఆగు, నేనే చేస్తాను."

"ఫుట్‌బాల్ అంటన్నావ్, మరి చేత్తో పట్టుకుంటన్నారేంట్రా?"

అక్కడితో కాల్ కట్.

ఆస్ట్రేలియాలో పిల్లలున్న గోదావరి జిల్లాల ఇళ్లకు ఇలాంటి సీన్ కొత్తేం కాదు. 2021 జనాభా లెక్కల నాటికే అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 60 వేలకు దగ్గరగా ఉన్నారు. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు వెళ్తే షాపుల్లో తెలుగు మాట బాగా వినిపిస్తుంది. అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్‌బీఎస్ తన భాషల జాబితాలో తెలుగును కూడా చేర్చింది. అంతా బానే ఉంది. కానీ ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక్క విషయం అంతుపట్టదు. గురువారం నుంచి ఆదివారం దాకా ఆ ఊరంతా టీవీల్లో అదే ఆట ఎందుకు చూస్తుంది? ఆట లేని రోజుల్లో కూడా ఆట గురించి మాట్లాడే షోలు ఎందుకు చూస్తుంది?

ముందు ఆట సంగతి.. రెండు ముక్కల్లో

దీని పూర్తి పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ముద్దుగా ఫుటీ. మెస్సీ ఆడే ఫుట్‌బాల్‌కీ దీనికీ పేరు తప్ప పెద్దగా చుట్టరికం లేదు. 1859 మే నెలలో మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్ సభ్యులు కొందరు కూర్చుని దీని మొదటి రూల్స్ రాశారు. వాళ్లలో టామ్ విల్స్ అనే ఆయన పేరు మోసిన క్రికెటర్. అందుకే కాబోలు ఈ ఆటకు వేరే గ్రౌండ్ అక్కర్లేదు, క్రికెట్ మైదానమే సరిపోతుంది. మనం బాక్సింగ్ డే టెస్టు చూసే ఎంసీజీ ఉంది చూశారా? చలికాలం వస్తే అది ఫుటీ గ్రౌండ్.

బంతి కోలగా ఉంటుంది. పీచు ఒలవని కోనసీమ కొబ్బరికాయని ఊహించుకుంటే చాలు. జట్టుకు 18 మంది. బంతిని తన్నొచ్చు. లేదా ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి పక్కవాడికి ఇవ్వొచ్చు. విసరడం మాత్రం కుదరదు. పట్టుకుని పరిగెత్తొచ్చు గానీ 15 మీటర్లకోసారి నేలకు కొట్టాలి, లేదా తాకించాలి. ఇంకో ఆటగాడు దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని 'మార్క్' అంటారు. ఇక ఎవరూ మీదకు రాకూడదు, తీరిగ్గా తన్నుకోవచ్చు. ఎదుటివాడి భుజాల మీద మోకాళ్లు పెట్టి ఎగిరి పట్టే మార్కులు ఉంటాయి.. సినిమా ఫైట్ మాస్టర్లకి కూడా తాళ్లు కట్టకుండా అది కష్టమే.

మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్యలో రెండు పొడుగువి, అటూ ఇటూ రెండు పొట్టివి. పొడుగు స్తంభాల మధ్య నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే 1 పాయింట్. అందుకే స్కోరు 10.8 (68) అని వేస్తారు. పది గోల్స్‌కు అరవై, ఎనిమిది ఒంటి పాయింట్లు, కలిపితే అరవై ఎనిమిది. టీవీలో మూలన కనిపించే ఆ చుక్క లెక్క అర్థమైతే సగం ఆట అర్థమైనట్టే. ఒక్కో క్వార్టర్ పేరుకి 20 నిమిషాలు, ఆగిన టైమంతా కలిపితే అరగంట దాకా సాగుతుంది. అలాంటివి నాలుగు. అమ్మతో "అరగంట ఆగు" అన్నది అందుకే.

టీవీ వస్తే గేటు డబ్బులు పోతాయన్న భయం

మెల్‌బోర్న్‌లో టీవీ ప్రసారాలు మొదలైంది 1956 నవంబర్‌లో, ఒలింపిక్స్‌కు కాస్త ముందు. మరుసటి ఏడాదే, అంటే 1957లో, అప్పటి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు లైవ్‌లో వచ్చాయి. అది కూడా మొత్తం మ్యాచ్ కాదు, ఆఖరి క్వార్టర్ మాత్రమే. జనం ఇళ్లలో కూర్చుంటే గేటు దగ్గర టికెట్లు ఎవరు కొంటారు? లీగ్ పెద్దల భయం అదే. కొన్నేళ్లకే లైవ్ ఆపేశారు. రీప్లేలతోనే సరిపెట్టారు. గ్రాండ్ ఫైనల్‌ని సొంత ఊరు మెల్‌బోర్న్ జనం టీవీలో లైవ్‌గా చూసింది 1977లో. అంటే టీవీ వచ్చిన ఇరవై ఏళ్లకి! నార్త్ మెల్‌బోర్న్, కాలింగ్‌వుడ్ మధ్య జరిగిన ఆ మ్యాచ్ కాస్తా టై అయింది. వారం తర్వాత మళ్లీ ఆడాల్సి వచ్చింది. టీవీకి అంతకన్నా ఏం కావాలి?

భయపడాల్సిన పని లేదని ఇప్పుడు తెలుస్తోంది. కరోనా టైమ్‌లో మ్యాచ్ వేరే ఊళ్లకు వెళ్లిన రెండేళ్లు పక్కన పెడితే, గ్రాండ్ ఫైనల్‌కు ఎంసీజీ లక్ష మందితో నిండుతూనే ఉంది.

ఇక్కడే అసలు మలుపు. మ్యాచ్ చూపించే వీల్లేదన్నారు కదా. మరి చానళ్లు ఏం చేయాలి? మ్యాచ్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాయి.

గోళ్ల కత్తెరతో పచ్చిక కోసిన పెద్దమనిషి

చానల్ సెవెన్‌లో 1959లో 'వరల్డ్ ఆఫ్ స్పోర్ట్' అనే షో మొదలైంది. ఆదివారం పొద్దున. శనివారం ఆడిన మ్యాచ్‌ల మీద రిటైర్ అయిన ఆటగాళ్లు కూర్చుని వాదించుకునేవాళ్లు. మధ్యలో స్టూడియోలోనే బంతి గురి చూసి కొట్టే పోటీ. దుంగలు నరికే పోటీ కూడా! 1987 దాకా నడిచిందా షో. దాంతో పాటు గురువారం రాత్రి 'లీగ్ టీమ్స్' అని ఇంకోటి. జాక్ డయ్యర్, బాబ్ డేవిస్, లూ రిచర్డ్స్ ముగ్గురూ కూర్చుని జట్ల పేర్లు చదవాలి. అంతే పని. ఆ పేర్లు చదవడం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ఒకరి మీద ఒకరు సెటైర్లు, పాత కథలు, తప్పులు పలకడాలు. రావులపాలెం సెంటర్లో టీ కొట్టు ముందు ముగ్గురు పెద్దాళ్లని కూర్చోబెట్టి కెమెరా పెడితే ఎలా ఉంటుందో అలా.

వీళ్లలో లూ రిచర్డ్స్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1953లో కాలింగ్‌వుడ్ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. తర్వాత పేపర్లో, టీవీలో జోస్యాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఏ జట్టు గెలుస్తుందంటే అది ఓడిపోతుందని పేరు. పైగా ఊరికే జోస్యం చెప్పి ఊరుకునే రకం కాదు, పందెం కాసేవారు. ఓసారి ఓడిపోయి టెడ్ విట్టెన్ అనే ఆటగాడి ఇంటి ముందు పచ్చికని గోళ్లు తీసే కత్తెరతో కత్తిరించారు. ఇంకోసారి మెల్‌బోర్న్ నడిబొడ్డున ఉండే కాలిన్స్ స్ట్రీట్‌ని ఈకల చీపురుతో ఊడ్చారు. సంక్రాంతి బరుల దగ్గర పందెం మాట ఎలా నిలబెట్టుకుంటారో తెలిసిన గోదావరి జనానికి ఈయన బాగా నచ్చుతారు. డబ్బు పోలేదు, పరువే పోయింది, ఊరంతా నవ్వుకుంది. 2017లో ఆయన పోయినప్పుడు ఘనంగా ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికారు.

నవ్వులు హద్దు దాటితే..

1994లో చానల్ నైన్ 'ది ఫుటీ షో' తెచ్చింది. గురువారం రాత్రి, ముందు జనాన్ని కూర్చోబెట్టి స్టేజీ షో. ఎడ్డీ మెగ్వైర్, సామ్ న్యూమన్, ట్రెవర్ మార్మలేడ్. ఆటగాళ్లు పాటలు పాడటం, వేషాలు వేయడం, రోడ్డు మీద జనంతో సామ్ న్యూమన్ వెటకారాలు. పాతికేళ్లు నడిచింది. మర్నాడు ఆఫీసుల్లో అదే టాపిక్.

కానీ ఆ నవ్వు ఎవరి మీద? ఈ ప్రశ్న ఆ షోని వదల్లేదు.

కథ 1993 ఏప్రిల్ 17కి వెళ్తుంది. కాలింగ్‌వుడ్ సొంత మైదానం విక్టోరియా పార్క్. సెయింట్ కిల్డా జట్టులో నికీ విన్మార్, గిల్బర్ట్ మెక్‌ఆడమ్ అనే ఇద్దరు ఆదివాసీ ఆటగాళ్లు అద్భుతంగా ఆడి మ్యాచ్ గెలిపించారు. రోజంతా గ్యాలరీ నుంచి జాతి పేరుతో బూతులు. మ్యాచ్ అయ్యాక విన్మార్ ఆ జనం వైపు తిరిగి, జెర్సీ పైకెత్తి, తన నల్లటి ఒంటిని వేలితో చూపించాడు. ఆ ఫొటో ఆస్ట్రేలియా చరిత్రలో నిలిచిపోయింది. రెండేళ్ల తర్వాత, 1995లో లీగ్ జాతి దూషణలకు వ్యతిరేకంగా రూల్ తెచ్చింది.

ఇంత జరిగాక, 1999లో ఏమైందంటే.. అదే విన్మార్ ఫుటీ షోకి రావాల్సి ఉండి రాలేదు. సామ్ న్యూమన్ ముఖానికి నల్లరంగు పూసుకుని ఆయన వేషంలో వచ్చి కూర్చున్నాడు. స్టూడియోలో జనం నవ్వారు. 2008లో ఇదే పెద్దమనిషి కరోలిన్ విల్సన్ అనే మహిళా జర్నలిస్టు ఫొటోని లోదుస్తులు వేసిన బొమ్మకి తగిలించి వెకిలి చేశాడు. అప్పుడు పెద్ద గొడవైంది. ఇవన్నీ జోకులు కావని చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది.

దీనికి జవాబు కూడా టీవీలోనే వచ్చింది. 'మార్న్‌గ్రూక్ ఫుటీ షో'. రేడియోలో 1997లో మొదలై, 2007లో ఆదివాసీల చానల్ ఎన్‌ఐటీవీలోకి వచ్చింది. మార్న్‌గ్రూక్ అంటే పాసమ్ అనే జంతువు తోలుతో చేసిన బంతితో ఆదివాసీలు ఆడుకున్న పాత ఆట. ఫుటీ దాన్నుంచే పుట్టిందా కాదా అన్నది ఇప్పటికీ చరిత్రకారుల మధ్య తేలని వాదన. షోని నడిపింది గ్రాంట్ హాన్సెన్. పక్కన ఎవరు? 1993లో విన్మార్ పక్కన ఆడిన గిల్బర్ట్ మెక్‌ఆడమే. లైలా గురువివి, షెల్లీ వేర్ లాంటి మహిళలు ప్యానెల్‌లో సమానంగా కూర్చుని ఆట గురించి మాట్లాడారు. వెటకారం ఉంది, పాటలున్నాయి, నవ్వులున్నాయి. ఎవర్నీ బొమ్మని చెయ్యలేదు, అంతే తేడా.

విచిత్రం ఏంటంటే 2019లో ఈ రెండు షోలూ ఆగిపోయాయి. ఒకే ఏడాదిలో.

గుడ్స్ కథ.. అమ్మానాన్నలు తెలుసుకోవాల్సింది ఇదే

అదే 2019 జూలైలో చానల్ టెన్‌లో 'ది ఫైనల్ క్వార్టర్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. దర్శకుడు ఇయాన్ డార్లింగ్. అందులో ఒక్క కొత్త ఇంటర్వ్యూ లేదు, వెనక నుంచి చెప్పే గొంతు కూడా లేదు. మొత్తం అప్పటి టీవీ, రేడియో, పేపర్ల క్లిప్పింగులే. అవన్నీ ఆడం గుడ్స్ గురించి.

గుడ్స్ సిడ్నీ స్వాన్స్ ఆటగాడు, ఆదివాసీ. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం రెండుసార్లు, 2003లో, 2006లో గెలిచాడు. 2013 మేలో ఎంసీజీలో ఓ మ్యాచ్‌లో గ్యాలరీలోంచి ఒకరు 'కోతి' అని అరిచారు. ఆయన ఆగి, అటు వేలు చూపించాడు. అరిచింది 13 ఏళ్ల అమ్మాయి అని తర్వాత తెలిసింది. ఆ పిల్లని ఏమీ అనొద్దని, తప్పు ఆమెది కాదని గుడ్స్ మరుసటి రోజే చెప్పాడు. కొన్ని రోజులకే, కాలింగ్‌వుడ్ క్లబ్ ప్రెసిడెంట్ కూడా అయిన ఎడ్డీ మెగ్వైర్ రేడియోలో గుడ్స్‌ని కింగ్‌కాంగ్ షో ప్రచారంతో ముడిపెట్టి మాట్లాడాడు. తర్వాత సారీ చెప్పాడు. 2014లో గుడ్స్‌కి 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్' పురస్కారం వచ్చింది. అయినా 2015 సీజన్‌లో ఆయన బంతి ముట్టుకుంటే చాలు, గ్యాలరీల నుంచి ఒకటే ఎగతాళి కేకలు. వారాల తరబడి. ఆ ఏడాదే ఆట మానేశాడు. చివరి మ్యాచ్ తర్వాత వీడ్కోలు ఊరేగింపు కూడా వద్దన్నాడు.

ఆ కేకలు జాత్యహంకారమా కాదా అని టీవీ ప్యానెళ్లు రోజుల తరబడి చర్చ పెట్టాయి. డాక్యుమెంటరీ చేసిందల్లా ఆ చర్చల్ని వరసగా పేర్చి మళ్లీ చూపించడమే. ఎవరు ఏం అన్నారో వాళ్ల గొంతుల్లోనే. చూసినవాళ్లకి ఇంకేం చెప్పనక్కర్లేదు. అది జనం చూడకముందే, 2019 జూన్‌లో లీగ్, దాని 18 క్లబ్బులూ గుడ్స్‌కి క్షమాపణ చెప్పాయి. నాలుగేళ్లు ఆలస్యంగా. ఆ తర్వాత ఆగస్టులో స్టాన్ గ్రాంట్ రాసిన 'ది ఆస్ట్రేలియన్ డ్రీమ్' కూడా ఇదే కథతో వచ్చింది.

భీమవరం నుంచో అమలాపురం నుంచో వెళ్లి అక్కడ స్థిరపడిన ఇంట్లో ఎనిమిదేళ్ల మనవడు శనివారం పొద్దున 'ఆస్‌కిక్' క్లాసుకి వెళ్తుంటాడు. చిన్నపిల్లలకు ఫుటీ నేర్పే కార్యక్రమం అది. స్కూల్లో స్నేహితులు కలిసేది అక్కడే. వాడు రేపు అదే మైదానంలో, అదే జనం ముందు ఆడతాడు. అందుకే గుడ్స్ కథ ఆ ఇంటికి దూరపు కథ కాదు. తాతయ్య, అమ్మమ్మ మనవడి జెర్సీ ఫొటోకి వాట్సాప్‌లో లైక్ కొట్టేటప్పుడు ఇది కూడా తెలిసుంటే మంచిది.

ఉచితంగా ఎందుకొస్తుంది? లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి

2022 సెప్టెంబర్‌లో లీగ్ తన ప్రసార హక్కులు అమ్మింది. 2025 నుంచి 2031 దాకా ఏడేళ్లకు 4.5 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లు. అప్పటి రేటు ప్రకారం దాదాపు 24 వేల కోట్ల రూపాయలు. చానల్ సెవెన్, ఫాక్స్‌టెల్, టెల్‌స్ట్రా కలిసి కొన్నాయి. అదే ఏడాది ఐపీఎల్ ఐదేళ్ల హక్కులు 48,390 కోట్లకు పోయాయి. ఐపీఎల్‌కి 140 కోట్ల దేశం ఉంది. ఆస్ట్రేలియా మొత్తం జనాభా ఆంధ్రప్రదేశ్‌లో సగం. ఆ సగంలోనూ సిడ్నీ, బ్రిస్బేన్ వైపు రగ్బీ లీగ్‌దే హవా. అయినా ఆ రేటు.

మరి అంత పెట్టి కొన్నవాళ్లు గ్రాండ్ ఫైనల్‌ని డబ్బులు కట్టినవాళ్లకే చూపించొచ్చు కదా? కుదరదు. 1992 నాటి బ్రాడ్‌కాస్టింగ్ చట్టం కింద అక్కడ ఒక జాబితా ఉంది. అందులో ఉన్న ఆటల్ని పే టీవీ ఎగరేసుకుపోకుండా ముందు ఉచిత చానళ్లకు అవకాశం ఇవ్వాలి. ఫుటీ ఆ జాబితాలో ఉంది. మన దగ్గర 2007లో వచ్చిన చట్టం పద్ధతి వేరు. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని కొన్న చానల్ ప్రసారభారతితో పంచుకోవాలి. వరల్డ్ కప్ ఫైనల్ డీడీలో వచ్చేది అందుకే.

ఫోన్‌లో చూసేవాళ్లకి ఓ తమాషా సంగతి. కొన్నేళ్ల పాటు టెల్‌స్ట్రా యాప్‌లో మ్యాచ్ లైవ్ వచ్చేది గానీ బొమ్మ ఏడంగుళాలు దాటేది కాదు. ట్యాబ్‌లో పెట్టినా చుట్టూ నల్ల అంచులే! పెద్ద తెర హక్కు వేరేవాళ్లది కాబట్టి. హక్కుల్ని చానళ్లుగానే కాదు, అంగుళాలుగా కూడా అమ్మారన్నమాట.

మన వైపు దీనికి దగ్గరగా వచ్చింది కబడ్డీయే. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక చెడుగుడు కూతకి టీవీలో లైట్లు, రీప్లేలు, తెలుగు టైటన్స్ జెర్సీలు వచ్చాయి. 2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ వచ్చి తెలుగు కామెంటరీని ఇంటింటికీ తెచ్చింది. మ్యాచ్ దొరికింది. కానీ మ్యాచ్ లేని మంగళవారం రాత్రి, పాత ఆటగాళ్లు నలుగురు కూర్చుని మన యాసలో వాదించుకునే షో కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు బులెటిన్లు మోగాయి. మర్నాటికి వేరే బ్రేకింగ్ వచ్చేసింది.

ఇక్కడి నుంచి చూడాలంటే

ఆస్ట్రేలియా బయట ఉన్నవాళ్ల కోసం లీగ్‌కి 'వాచ్ ఏఎఫ్ఎల్' అనే యాప్ ఉంది, డబ్బులు కట్టాలి. ముందు రుచి చూద్దాం అనుకుంటే 'మేకింగ్ దెయిర్ మార్క్' అనే ఏడు భాగాల సిరీస్ మంచిది. ప్రైమ్ వీడియో 2021 మార్చిలో ప్రపంచవ్యాప్తంగా విడుదల చేసింది. కరోనా టైమ్‌లో, 2020లో, ఆటగాళ్లు ఇళ్లొదిలి క్వీన్స్‌ల్యాండ్‌లో నెలల తరబడి ఉండి ఆడిన సీజన్ అది. ఫిజీ మూలాలున్న నిక్ నైటనూయి, ఆదివాసీ ఆటగాడు ఎడ్డీ బెట్స్ అందులో ఉన్నారు. ఆట రూల్స్ తెలియకపోయినా వాళ్ల ఇళ్ల కథలు అర్థమవుతాయి.

కబుర్ల షోల్లో ఇప్పుడు బాగా నడుస్తున్నది చానల్ సెవెన్‌లో 2016 నుంచి వస్తున్న 'ది ఫ్రంట్ బార్'. మిక్ మొలాయ్, సామ్ పాంగ్, ఆండీ మెహర్ బార్ కౌంటర్ లాంటి సెట్‌లో కూర్చుని పాత మ్యాచ్‌ల క్లిప్పులు వేసుకుని నవ్వుకుంటారు. లూ రిచర్డ్స్ తరం నుంచి వచ్చిన అలవాటే.

టైమ్ లెక్క గుర్తుంచుకోండి. మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఐదున్నర. శుక్రవారం రాత్రి మ్యాచ్ అక్కడ 7.40కి మొదలైతే మనకి మధ్యాహ్నం 3.10. గ్రాండ్ ఫైనల్ అక్కడ మధ్యాహ్నం రెండున్నరకి, మనకి ఉదయం పదికి. ముందు రోజు శుక్రవారం విక్టోరియా రాష్ట్రంలో 2015 నుంచి సెలవు కూడా. కాబట్టి కొడుకుతో తీరిగ్గా మాట్లాడాలంటే ఆ శుక్రవారం చేయండి. శనివారం ఉదయం పది నుంచి పన్నెండున్నర మధ్య మాత్రం వద్దు. చేస్తే గీస్తే, "ఎంత స్కోరురా?" అని అడగండి.